సెడాన్‌ను కొలిచిన టేపు

వెనక విడిగా డిక్కీ ఉండే సెడాన్ కార్లలో సివిక్, అకార్డ్, కరోలా ఆల్టిస్ 2020లోనే మన మార్కెట్ నుంచి వెళ్లిపోయాయి. 2021లో యారిస్, 2022లో ఎలాంట్రా, 2023లో ఆక్టేవియా, 2025 ఏప్రిల్‌లో సియాజ్. ఆక్టేవియా 2025లో మళ్లీ ముఖం చూపించింది గానీ, ఆర్‌ఎస్ అనే స్పోర్ట్స్ రూపంలో 100 కార్లు మాత్రమే. దాదాపు 50 లక్షల ధరకు వచ్చిన ఆ కారు మన లెక్కలోకి రాదు. ఇవాళ షోరూమ్‌కు వెళ్లి నాలుగున్నర మీటర్ల పెట్రోల్ సెడాన్ కావాలంటే సిటీ, వెర్నా, స్లావియా, వర్టస్ ఉన్నాయి. అంతకంటే పెద్దది కావాలంటే నేరుగా క్యామ్రీకి ఎగరాలి. 2024 డిసెంబరులో కొత్త మోడల్ వచ్చినప్పుడే దాని ఎక్స్‌షోరూమ్ ధర 48 లక్షలు. ఒకప్పుడు కరోలా, సివిక్, ఎలాంట్రా కొట్టుకున్న చోటు దాదాపు ఖాళీ.

జనానికి ఎస్‌యూవీ పిచ్చి పట్టిందనేది సగం నిజమే. మిగతా సగం కారు పొడవు కొలిచే టేపులో ఉంది. 2006లో కేంద్రం చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గిస్తూ పెట్టిన షరతులు: పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ మించకూడదు. దాంతో 2008లో నాలుగు మీటర్ల లోపు సెడాన్‌గా ఇండిగో సీఎస్ వచ్చింది. 2012లో డిజైర్ తోక కోసుకుంది. 4160 మి.మీ. కారు 3995 అయింది, 440 లీటర్ల డిక్కీ 316కు పడిపోయింది. అయినా జనం ఎగబడి కొన్నారు. డిజైర్ నేటికీ దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే కార్లలో ఒకటి. కాబట్టి మనవాళ్లకు డిక్కీ ఉన్న కారంటే గిట్టడం లేదన్న మాట తప్పు. గిట్టుబాటు కానిది నాలుగు మీటర్లు దాటిన డిక్కీ.

పాత జీఎస్టీలో చిన్న పెట్రోల్ కారుకు సెస్‌తో కలిపి 29 శాతం, సిటీ లాంటి 1500 సీసీ లోపు సెడాన్‌కు 45, సివిక్ లాంటి పెద్ద ఇంజిన్ సెడాన్‌కు 48, పెద్ద ఎస్‌యూవీకి 50 ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, మిగతా పెట్రోల్, డీజిల్ కార్లన్నిటికీ 40. సెడాన్‌కు కూడా 5 శాతం తగ్గింది కదా అని సంబరపడేవాళ్లు రెండు సంగతులు చూడలేదు. చిన్న కారుకూ సెడాన్‌కూ మధ్య తేడా 16 నుంచి 22 శాతానికి పెరిగింది. పెద్ద ఎస్‌యూవీ మీద సెడాన్‌కు ఉన్న కాస్త వెసులుబాటు పూర్తిగా పోయింది.

పన్నులకు ముందు 8 లక్షలు పలికే రెండు కార్లు అనుకోండి. నాలుగు మీటర్ల లోపుది 18 శాతంతో 9.44 లక్షలు అవుతుంది, దాటినది 40 శాతంతో 11.20 లక్షలు. తెలంగాణలో 2022లో సవరించిన రేట్ల ప్రకారం 5 నుంచి 10 లక్షల కారుకు జీవిత పన్ను 14 శాతం, 10 నుంచి 20 లక్షలదైతే 17. ఆ లెక్కన మొదటిది 10.76 లక్షలు, రెండోది 13.10 లక్షలు. ఇన్సూరెన్స్ కట్టకముందే 2.34 లక్షలు తేడా. ఫ్యాక్టరీ గేటు దగ్గర రెండిటి ధరా ఒకటే!

ఇక రోడ్డు. స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెం.మీ. ఎత్తుతో గుండ్రంగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతోంది. కాలనీలో రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టిన దిబ్బకు ఆ ప్రమాణంతో చుట్టరికం లేదు. ఇక్కడ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేల నుంచి కారు అడుగు దాకా ఉన్న ఎత్తు, ఒక్కటే చూస్తే సరిపోదు, ముందు వెనక చక్రాల మధ్య దూరం (వీల్‌బేస్) కూడా చూడాలి. సిటీకి క్లియరెన్స్ 165 మి.మీ., వీల్‌బేస్ 2600. దిబ్బ నడుముకు తగలకుండా దాటగలిగే కోణం సుమారు 14.5 డిగ్రీలు. అదే కంపెనీ అదే 1.5 లీటర్ల ఇంజిన్‌తో 2023లో తెచ్చిన ఎలివేట్ ఎస్‌యూవీకి 220, 2650. ఆ కోణం దాదాపు 19 డిగ్రీలు. పైగా ఇవన్నీ ఖాళీ కారు అంకెలు. ఐదుగురు ఎక్కి డిక్కీ నింపితే వెనక స్ప్రింగ్‌లు కుంగి కారు ఇంకా కిందికి దిగుతుంది. పండక్కి ఊరెళ్లేటప్పుడే కింద గీసుకోవడం అందుకే.

కంపెనీల వైపు నుంచీ లెక్క ఇదే. ప్రతి సెడాన్ పక్కనా అదే కంపెనీ ఎస్‌యూవీ ఉంది: సిటీ పక్కన ఎలివేట్, స్లావియా పక్కన కుషాక్, వర్టస్ పక్కన టైగన్, వెర్నా పక్కన క్రెటా. ఇంజిన్లు, గేర్‌బాక్స్‌లు చాలావరకు ఉమ్మడివే. పెట్టిన ఖర్చు ఎక్కడ ఎక్కువ కార్లుగా తిరిగొస్తే డబ్బు అటే పోతుంది. 2023 ఏప్రిల్‌లో ఉద్గార నిబంధనలు బిగిసేసరికి సిటీ డీజిల్ ఆగిపోయింది. కొత్త వెర్నా అసలు డీజిల్ లేకుండానే వచ్చింది. క్రెటాలో మాత్రం 1.5 డీజిల్ కొనసాగింది. హైదరాబాద్, విజయవాడ మధ్య వారానికోసారి తిరిగే మనిషి ఎటు పోతాడో వేరే చెప్పాలా.

సెడాన్ మైలేజీ ఎక్కువ ఇస్తుందనే వాదన బలహీనమని నా అభిప్రాయం. సీవీటీలో (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) సిటీకి కంపెనీ చెప్పే అంకె లీటరుకు 18.4 కి.మీ., ఎలివేట్‌కు 16.92. ఏడాదికి 15,000 కి.మీ. తిరిగితే తేడా 71 లీటర్లు. లీటరు 107 రూపాయలనుకుంటే 7,600. దాని కోసం ఎవరూ కారు మార్చరు. సెడాన్ బలం వేరే చోట ఉంది: 500 లీటర్లకు పైబడిన, మూత వేసి తాళం పెట్టే డిక్కీ, మలుపులో ఒరగని బాడీ, వెనక సీట్లో కాళ్లు చాపుకునే చోటు. ఇంట్లో మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు ఉంటే మాత్రం టేపు తీసుకుని నేల నుంచి సీటు అంచు దాకా కొలవండి. వాళ్ల మోకాలి మడత కంటే అది తక్కువ ఎత్తులో ఉంటే ఎక్కడం కంటే దిగడం కష్టం. ఈ ఒక్క కారణానికే సెడాన్ వదులుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి, అది సబబైన కారణం కూడా.

అసలు లాభం సెకండ్ హ్యాండ్‌లో ఉంది. అడిగేవాళ్లు తగ్గారు కాబట్టి పెద్ద సెడాన్ ధర అదే వయసు ఎస్‌యూవీ కంటే బేరానికి లొంగుతుంది. అయితే పైన మెరుపు చూసి కొనకూడదు. కారును లిఫ్ట్ మీదికి ఎక్కించి కింద నుంచి మొదలుపెట్టాలి.

మొదట ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్. సొట్ట ఉంటే అక్కడికక్కడే బేరం ఆపండి, కనీసం చాంబర్ విప్పి చూపించమనండి. లోపల ఆయిల్ పీల్చే జాలీ చాంబర్ అడుగుకు చాలా దగ్గరగా ఉంటుంది. సొట్ట దాన్ని మూస్తే ఆయిల్ ప్రెషర్ పడిపోయి బేరింగ్‌లు అరుగుతాయి. నెల తర్వాత ఇంజిన్ కటకటమంటుంది. తర్వాత సైలెన్సర్ పైపులో వంగే జాలీ ముక్క, డోర్ల కింద జాకీ పెట్టే అంచు చూడాలి. ఆ అంచు మడత పడి ఉంటే కారు బాగా గీసుకుని తిరిగిందని అర్థం. చదునైన నేల మీద నిలిపి, నాలుగు చక్రాల నడిమి నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలవండి. ఎడమ కుడి తేడా ఒక సెంటీమీటరు దాటితే స్ప్రింగ్ కుంగి ఉండొచ్చు, లేదా యాక్సిడెంట్ రిపేరు కావచ్చు.

ఆటోమేటిక్ అయితే ఏ రకమో ముందు తేల్చుకోవాలి. ఆక్టేవియా 1.8, స్లావియా 1.5, వర్టస్ 1.5లో ఉన్నది 7 గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించినప్పుడు క్లచ్ ప్లేట్లు వేడెక్కుతాయి, వాటిని చల్లబరిచే ఆయిల్ ఉండదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఎత్తు మీద యాక్సిలరేటర్ మెల్లగా నొక్కి ఒకటి నుంచి రెండో గేరుకు పోనివ్వండి. అక్కడ వణుకు వస్తే క్లచ్ అయినా కావచ్చు, గేర్లు మార్పించే మెకట్రానిక్ యూనిట్ అయినా కావచ్చు. రెండోదైతే బిల్లు లక్షల్లో మాట్లాడుతుంది. స్లావియా, వర్టస్ 1.0లో ఉన్నది 6 గేర్ల టార్క్ కన్వర్టర్, అంటే ఆయిల్ ద్వారా శక్తిని అందించే ఆటోమేటిక్, దానికి ఈ బాధ లేదు. 2014 తర్వాతి సిటీ పెట్రోల్ ఆటోమేటిక్‌లో (హైబ్రిడ్ కాదు) సీవీటీ. దానికి కంపెనీ చెప్పిన హెచ్‌సీఎఫ్-2 ఆయిలే వాడాలి. బయట దొరికే ఏదో మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ (ఏటీఎఫ్) పోస్తే బెల్టు జారి వణుకు మొదలవుతుంది. ఆ ఆయిల్ మార్చిన బిల్లు చూపించమని అడగండి.

పాత క్యామ్రీ హైబ్రిడ్ తీసుకునేవాళ్లు వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి పీల్చే జాలీ వెతకండి. కుక్కపిల్ల వెంట్రుకలు, దుమ్ము అక్కడ పేరుకుంటే ఫ్యాన్‌కు గాలి అందదు, బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. ఆగిపోయిన మోడళ్లకు ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు బయట దొరుకుతూనే ఉంటాయి. హెడ్‌లైట్, బంపర్, విండ్‌షీల్డ్ దగ్గరే రోజుల తరబడి ఎదురుచూపు. డబ్బు కట్టే ముందే ఆ మూడింటి ధర, అందే సమయం స్పేర్ పార్టుల కౌంటర్‌లో కనుక్కోండి. ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రిసియేషన్ (పార్టుల అరుగుదల కింద కోత పెట్టని కవర్) ఆ వయసు కారుకు ఇస్తారో లేదో కూడా.

కొన్నాక ఎత్తు పెంచుకుందామని చాలామంది స్ప్రింగ్ చుట్ల మధ్య రబ్బరు బుడిపెలు పెట్టిస్తారు. వద్దు. ఆ ఒక్క చుట్టు పని చేయడం మానేస్తుంది, భారమంతా మిగతా చుట్ల మీద పడి స్ప్రింగ్ విరగొచ్చు. టైర్ మార్చినా పెద్దగా ఒరిగేది లేదు. 175/65 ఆర్15 బదులు 185/65 ఆర్15 వేస్తే వ్యాసం 13 మి.మీ. పెరుగుతుంది, కారు లేచేది అందులో సగం, ఆరున్నర మి.మీ. స్పీడోమీటర్ మాత్రం 2 శాతం తక్కువ చూపిస్తుంది. అంతకంటే అరిగిన షాక్ అబ్జర్వర్లు మార్చి, టైర్లలో గాలి డోర్ స్టిక్కర్ మీద రాసిన ఫుల్ లోడ్ అంకెకు పెట్టుకుని, దిబ్బను ఏటవాలుగా ఒక్కో చక్రంతో దాటడం నయం.