కుంకుడు లిక్విడ్ మళ్లీ పులిసింది

ప్లాస్టిక్ సీసాలో వచ్చే డిష్‌వాష్ లిక్విడ్ వద్దనుకుని, గిన్నెలు తోమడానికి ఇంట్లో కాచుకున్న కుంకుడు రసం నాలుగో రోజుకే పోయింది. పొద్దున్న సీసా మూత తిప్పగానే బుస్సుమని గాలి వచ్చింది. దాని వెనకే కల్లు కుండ మూత తీసినట్టు ఒకటే వాసన. పైన తెల్లటి పొర. తోమడానికి పనికిరాదని కాదు, కానీ ఆ వాసనతో గిన్నెలు ముట్టుకోబుద్ధి కాదు.

తోమడం దగ్గర ఇబ్బందేమీ లేదు. మా బోరు నీళ్లలో సబ్బు తెట్టు కడుతుంది, కుంకుడు రసం కట్టదు. నెయ్యి గిన్నెలకి మాత్రం వేడినీళ్లు కావాలి. చిక్కంతా నిలవ దగ్గరే.

కొలతలు ఇవీ: గింజ తీసిన తొక్కలు 100 గ్రాములు, నీళ్లు లీటరు. రాత్రంతా నానబెట్టి, పొద్దున్న సన్నసెగ మీద 20 నిమిషాలు ఉడికించి, పిసికి వడకడితే 800 మిల్లీలీటర్ల పైన వస్తుంది. వంటింట్లో మధ్యాహ్నం 34 డిగ్రీలు. పీహెచ్ కాగితం మీద (అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు) తాజా రసం 5 చూపిస్తోంది, పులిశాక 4.

మొదట గుజ్జు మీద అనుమానపడ్డాను. పాత వాయిల్ చీర ముక్క రెండు మడతలేసి వడకట్టాను, తర్వాత కాఫీ ఫిల్టర్ కాగితంతో కూడా. అడుగున మడ్డి తగ్గింది, పులుపు ఒక పూట ఆలస్యమైంది, అంతే. బోరు నీళ్లకి బదులు ఆర్వో నీళ్లు పోసినా తేడా లేదు. గాజు సీసాని నీళ్లలో మరిగించి, రసం పొగలు కక్కుతుండగానే పోసి బిగించాను. మూత తీయనంతకాలం వారం రోజులు బాగుంది. తీసి వాడడం మొదలుపెట్టాక రెండు రోజులు. అంటే గాలిలోంచో, తడి చేతిలోంచో ఈస్ట్ లోపలికి పోతోంది. కుంకుడు తొక్కలో చక్కెర ఉంటుంది కాబట్టి దానికి తిండికి లోటు లేదు.

నిమ్మ ఉప్పు ఒక చెంచా (5 గ్రాములు) వేస్తే ఇంకో మూడు రోజులు ఆగింది. రెండు చెంచాలు వేస్తే ఇంకా ఆగింది కానీ సత్తు గిన్నెలు మసకబారాయి. మామూలు ఉప్పుతో నురగ తగ్గింది తప్ప ఒరిగిందేమీ లేదు. సోడియం బెంజోయేట్ అనే నిలవ మందు పనిచేస్తుంది, పులుపున్న ద్రవాల్లో బాగానే. కానీ అది వచ్చేది ప్లాస్టిక్ డబ్బాలో! ప్లాస్టిక్ సీసా వద్దనుకుని మొదలుపెట్టిన పనికి ఇంకో ప్లాస్టిక్ డబ్బా కొనడానికి మనసు రాలేదు.

పోనీ డిష్‌వాష్ లిక్విడ్ రీఫిల్ పౌచ్ కొనుక్కోరాదా అని ఇంట్లో రోజూ అంటున్నారు. బరువు లెక్కలో ప్లాస్టిక్ తగ్గుతుంది, నిజమే. కానీ సీసా అయితే పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు, పౌచ్ వైపు చూడరు. వేర్వేరు ప్లాస్టిక్ పొరలు అతికించిన కవరుని విడదీయడం ఎవరివల్లా కాదు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద వచ్చిన నిషేధంలో స్ట్రాలు, ప్లేట్లు, చెంచాలు ఉన్నాయి కానీ పౌచ్‌లు, షాంపూ సాషేలు లేవు. చట్టం ఆపనిదాన్ని ఇంట్లోకి రానివ్వాలా వద్దా అన్నది నేనే తేల్చుకోవాలి. నా నియమం ఒకటే: పాత సామాన్లకి పోనిది కొనను.

కుంకుడు పొడి కూడా నాకు నచ్చదు. తుమ్ములు, పైగా అడుగున బురద. రైతుబజారుకి గుడ్డ సంచి పట్టుకెళ్లి విడికాయలు తెచ్చుకోవడమే మేలు.

స్టీలు ఇడ్లీ ప్లేట్లలో (చిల్లులు లేనివి) పోసి ఫ్రీజర్లో పెడితే చక్కగా నిలుస్తోంది. కాకపోతే ఫ్రీజర్లో జాగా కోసం గొడవ.

అందుకే ఈసారి లిక్విడ్ జోలికే పోకుండా చూస్తాను. చిన్న గుడ్డ మూటలో ఆరేడు తొక్కలు కట్టి, పొద్దున్నే చెంబుడు వేడినీళ్లలో వేసి, ఆ పూటకి ఆ పూటే వాడేయడం. సాయంత్రం మూట పిండి ఎండేస్తే రెండోరోజు ఎంత నురగ మిగులుతుందో కొలవాలి. మిగిలిన నీళ్లు మాత్రం చేపల తొట్టి దగ్గరికి పోకూడదు, కుంకుడు చేపలకి విషం.

ఇంకా పచ్చ నైలాన్ స్క్రబ్బర్‌కి బదులు వెతికే పని మిగిలే ఉంది. డాబా మీద బీరపాదుకి రెండు కాయలు కోయకుండా ముదరనిస్తున్నాను. పీచు గట్టిపడ్డాక తొక్క తీసి, గింజలు దులిపి, ముక్కలు కోసి చూడాలి. మాడిన పాల గిన్నె మీద కొబ్బరి పీచు గెలుస్తుందా, బీర పీచు గెలుస్తుందా అన్నది వచ్చే రాతలో.