ఎనభై డెసిబెల్స్ ఎవరి లెక్క?

పరాయి దేశంలో చేరిన టీమ్‌లో నా చేతికి మొదట వచ్చింది ఒక పాత ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్, అంటే సిగ్నల్‌లో అక్కర్లేని ఫ్రీక్వెన్సీలని తగ్గించే డిజిటల్ సర్క్యూట్. దాన్ని కొత్త ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనమే అమర్చుకోగల చిప్) మీదికి మార్చాలి. రాసినాయన ఎప్పుడో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు, అంకెలు మాత్రం మిగిలాయి: శాంపిల్ రేటు 10 మెగాహెర్ట్జ్, క్లాక్ 200 మెగాహెర్ట్జ్, ట్యాప్‌లు 80 (అంటే ప్రతి ఔట్‌పుట్‌కీ చివరి 80 శాంపిల్స్‌ని ఒక్కో స్థిర సంఖ్యతో గుణించి కూడుతుంది; ఆ సంఖ్యే కోఎఫిషియెంట్), స్టాప్‌బ్యాండ్‌లో, అంటే ఆపాల్సిన ఫ్రీక్వెన్సీల్లో, 80 డెసిబెల్స్ తగ్గింపు, కోఎఫిషియెంట్‌కి 12 బిట్లు.

స్పెక్‌లో ఉన్న అంకెని ప్రశ్నించకుండా పని చేసుకుపోవడం నాకు అలవాటు. ఇక్కడి రివ్యూలో అది కుదరదు. వయసులో, హోదాలో ఎంత చిన్నవాళ్లయినా "ఈ 80 డెసిబెల్స్ ఎందుకు?" అని అడిగేస్తారు. మనం నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఈ పద్ధతి మొదట్లో మొరటుగా అనిపించింది కానీ, మంచిదే.

అసలు తిరకాసు బిట్లలో ఉంది. కోఎఫిషియెంట్‌లో ఒక్కో బిట్‌కి సుమారు 5 డెసిబెల్స్ తగ్గింపు వస్తుందని ఓ మోటు లెక్క. ఆ ప్రకారం 12 బిట్లతో 60 దగ్గరే ఆగిపోతాం. అంటే ఆ 80 ఇన్నాళ్లూ కాగితం మీదే ఉందన్నమాట! 16 బిట్లకి పెంచుదామన్నాను. చిప్‌లోని మల్టిప్లయర్ 25 బై 18 బిట్లది కాబట్టి అదనంగా ఖర్చేమీ లేదు. శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య 20 క్లాక్‌లు దొరుకుతాయి, కోఎఫిషియెంట్లు సిమెట్రిక్, అంటే రెండో సగం మొదటి సగానికి అద్దంలో బొమ్మ, కాబట్టి శాంపిల్స్‌ని జంటలుగా ముందే కూడితే 40 గుణకారాలే. అందుకే 80 ట్యాప్‌లకీ రెండే మల్టిప్లయర్లు చాలు. ఇన్‌పుట్ 12 బిట్లయితే కూడికల్లో పెరిగేవి కలిపినా మొత్తం 35 బిట్లు దాటదు, ఆ మొత్తాన్ని పోగుచేసే అక్యుమ్యులేటర్ 48 బిట్లది. దీనిమీద ఎవరూ వాదించలేదు.

వాదనంతా చివర్న, ఔట్‌పుట్‌ని 16 బిట్లకి కుదించే దగ్గర వచ్చింది. కింది బిట్లు కోసేస్తే సరిపోతుంది, రౌండింగ్‌కి లాజిక్ దండగ అని ఒక సీనియర్ పట్టుబట్టారు. వెంటనే కాదనడానికి నాకు నోరు రాలేదు. ఫోన్ మీటింగుల్లో ఎదుటివాళ్ల యాసతోనే సగం టెన్షన్. అందుకని సిమ్యులేషన్‌లో సగటు సున్నా ఉన్న చిన్న నాయిస్ ఇచ్చి, ఔట్‌పుట్ సగటు సగం ఎల్‌ఎస్‌బీ (అన్నిటికన్నా కింది బిట్ విలువ) కిందికి జారడం స్క్రీన్ మీద చూపించాను. తర్వాతి దశలో యావరేజింగ్ ఉంది. ఎంతసేపు సగటు తీసినా ఆ జారుడు పోదు.

ఆయన గ్రాఫ్‌ని కాసేపు చూసి, "సరే, కన్వర్జెంట్ పెట్టు" అన్నారు. అంటే సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరి సంఖ్యకి మార్చే రౌండింగ్. దాంతో లేటెన్సీ, అంటే ఔట్‌పుట్ వచ్చే ఆలస్యం, ఒక క్లాక్ పెరిగింది. ఆ కారణం కూడా ఫైల్లో రాయమన్నారు.