హడ్సన్ అడుగున సరిహద్దు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కాపురం, న్యూయార్క్ నగరంలోని మన్‌హట్టన్‌లో కొలువు అంటే తెనాలిలో ఉండి విజయవాడలో పని చేయడం లాంటిదేనని మా నాన్నగారు చాలాకాలం అనుకున్నారు. దూరం కాస్త ఎక్కువే గానీ పోలిక పూర్తిగా తప్పు కాదు. తేడా అల్లా, పొద్దున్నే మెట్రోపార్క్ స్టేషనులో రైలెక్కిన నేను ముప్పావు గంటలో ఇంకో రాష్ట్రంలో దిగుతాను. ఆ సరిహద్దు హడ్సన్ నది అడుగున, సొరంగంలో ఎక్కడో ఉంటుంది. అది దాటే క్షణంలో కిటికీ అద్దంలో నా ముఖం తప్ప మరేమీ కనిపించదు.

ఇలా దాటేవాళ్లను లెక్కగట్టడమే నా ఉద్యోగం. యజమానులు నిరుద్యోగ బీమా కోసం ప్రభుత్వానికి సమర్పించే జీతాల వివరాల ఆధారంగా సెన్సస్ బ్యూరో ఒక పట్టికను తయారు చేస్తుంది. అందులో ప్రతి వరుసలోనూ ఇల్లున్న చోటు, పని చేసే చోటు, ఆ రెంటి మధ్య ఎందరున్నారన్న సంఖ్య ఉంటాయి. వాళ్లు రైల్లో వెళ్తున్నారా, బస్సులోనా, కారులోనా అన్నది ఆ పట్టికకు తెలియదు. 2020 తర్వాత ఇంకో చిక్కు వచ్చి పడింది: కాగితం మీద మన్‌హట్టన్‌లో పని చేస్తున్న మనిషి బుధవారం నాడు ఎడిసన్‌లో తన వంటింటి బల్ల దగ్గరే కూర్చుని ఉండవచ్చు.

లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా చివరికి అది నది దగ్గర ఆగిపోతుంది. మన్‌హట్టన్‌లోని పెన్ స్టేషనుకు పడమటి నుంచి వచ్చే రైళ్లన్నింటికీ ఉన్నవి 1910లో తెరిచిన రెండే సొరంగాలు, ఒక్కోదానిలో ఒక్కటే పట్టా. రద్దీ వేళ గంటకు 24 రైళ్లకు మించి ఒక దిశలో పట్టవు. 2012లో శాండీ తుపాను నాటి ఉప్పునీరు వాటిలోకి చేరి కాంక్రీటునూ తీగలనూ తినేస్తోంది. అంతకు రెండేళ్ల ముందే, పనులు మొదలైన కొత్త సొరంగాన్ని ఖర్చు పెరిగిపోతుందన్న కారణంతో న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ రద్దు చేశారు. ఇప్పుడు దాదాపు 1,600 కోట్ల డాలర్లతో మళ్లీ తవ్వుతున్నారు.

నన్నడిగితే ఈ నది మీద జరిగిన అన్నిటికంటే తెలివైన పని 1970 నాటిది. నది కింద వాహనాలు వెళ్లే లింకన్ సొరంగానికి చేర్చే రహదారిలో, ఉదయం పూట ఎదురు దిశ వరుసల్లో ఒకదాన్ని తిప్పి బస్సులకే కేటాయించారు. కొత్త కట్టడమేమీ లేకుండానే ఆ ఒక్క వరుసలో రోజూ పొద్దున వెయ్యికి పైగా బస్సులు సాగిపోతాయి. సాయంత్రం ఇంటికి వచ్చే వైపు మాత్రం అలాంటి వరుస లేదు.

ఇక డబ్బు సంగతి. కనెక్టికట్, న్యూయార్క్‌ల మధ్య నడిచే న్యూహేవెన్ రైలు మార్గంలో నిర్వహణ లోటును 65, 35 శాతాల చొప్పున పంచుకుంటారు. 2020 నవంబరులో మన రెండు ఆర్టీసీలు కుదుర్చుకున్న ఒప్పందం చదివినప్పుడు నాకు ఈ వాటాలే గుర్తొచ్చాయి. ఒకరి బస్సులు రెండోవారి రాష్ట్రంలో ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్నది సుమారు లక్షా అరవై ఒక్క వేల దగ్గర సమం చేశాక గానీ హైదరాబాద్, విజయవాడల మధ్య బస్సులు కదలలేదు. అక్కడ పంచుకున్నది కిలోమీటర్లను, ఇక్కడ పంచుకునేది లోటును. హడ్సన్ మీద ఈ రెండూ కాక ఆదాయపు పన్ను కూడా ఉంది. నా జీతం మీద పన్ను ముందుగా న్యూయార్క్‌కు వెళ్తుంది, ఆ మేరకు న్యూజెర్సీ నాకు మినహాయింపు ఇస్తుంది. యజమాని అవసరం కొద్దీ కాక నా వీలు కొద్దీ ఇంట్లో పని చేసిన బుధవారాలను కూడా న్యూయార్క్ తన ఖాతాలోనే వేసుకుంటుంది. రైలు నడపడానికి సొమ్ము పెట్టాల్సింది మాత్రం న్యూజెర్సీ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంతర్రాష్ట్ర ప్రయాణికులను ఏరమని నాకు ఆ పట్టికను అప్పగించారు. ఇంటి రాష్ట్రం ఒకటి, పని రాష్ట్రం మరొకటి ఉన్న వరుసలన్నీ ఏరి, చాలా శుభ్రంగా చేశానన్న నమ్మకంతో చూపించాను. మా బృందంలోని పెద్దాయన రెండు నిమిషాలు చూసి, "పోర్ట్ జెర్విస్ వాళ్లేరీ?" అని అడిగారు. పోర్ట్ జెర్విస్ న్యూయార్క్ రాష్ట్రంలోనిదే. కానీ అక్కడి రైలు న్యూజెర్సీలోకి దిగుతుంది, అక్కడి సికాకస్ స్టేషనులో రైలు మారాలి, మళ్లీ నది కిందుగా న్యూయార్క్ నగరం చేరాలి. ఆ రైలును న్యూయార్క్ సంస్థ తరఫున ఒప్పందం మీద నడిపేది న్యూజెర్సీ సంస్థ. అంటే రోజూ రెండుసార్లు సరిహద్దు దాటి, సాయంత్రం మళ్లీ రెండుసార్లు దాటే మనిషి నా లెక్కలో అసలు రాష్ట్రమే దాటలేదు. ఆ రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చుని వాళ్లందరినీ మళ్లీ ఎక్కించాను.