గంధం చాటున అప్పన్న, ఆకాశం కింద అమ్మ: విశాఖలో ఒక్కరోజు

విశాఖ యాత్రకు టికెట్ తీసేటప్పుడు దిగే స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఊళ్లోకి వచ్చి ముందుకు పోయే బళ్లకు ఇంజను ఇటునుంచి అటు మార్చాలి. ఆ తిప్పలు లేకుండా కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు ఊరి బయటి దువ్వాడలోనే ఆగి అటునుంచటే పోతాయి. సింహాచలం పేరుతోనూ ఒక స్టేషనుంది. అది గోపాలపట్నం దగ్గర, గుడికి దూరం. పేరు చూసి దిగితే మళ్లీ ఆటో వెతుక్కోవాల్సిందే.

మేం పొద్దున్నే సింహాచలం కొండమీది అప్పన్న, అంటే వరాహ లక్ష్మీనరసింహస్వామి గుడి, రాత్రికి బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి అని వరస పెట్టుకున్నాం. అప్పన్న దర్శనానికి వేళలున్నాయి. మధ్యాహ్నం రాజభోగానికి, సాయంత్రం ఆరాధనకు క్యూ ఆపేస్తారు. పదిన్నర దాటాక కొండెక్కినవాళ్లు చాలామంది ఆ విరామంలో ఇరుక్కుంటారు. బురుజుపేట అమ్మవారికి ఆ బాధ లేదు, గర్భగుడికి తలుపులే లేవు.

సిటీ బస్సు కొండ దిగువ దాకా వస్తుంది. పైకి దేవస్థానం బస్సులున్నాయి. మెట్లు వెయ్యికి పైనే. మోకాళ్లు బాగుంటే కొండ దిగువన మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లదారిన ఎక్కొచ్చు, కాని ఎండెక్కకముందే. దారిలో సంపెంగలు, కాలాన్ని బట్టి కొండ అనాసపళ్లు అమ్ముతారు. పళ్లు దిగేటప్పుడు కొనుక్కోండి, పైకి మోసి లాభం లేదు.

గుడి పడమటి ముఖం. గుడిలోని కప్పస్తంభమనే రాతి స్తంభాన్ని కౌగిలించుకుంటే కోరిక తీరుతుందని, ముఖ్యంగా పిల్లలు కలుగుతారని నమ్మకం. లోపల స్వామిని చూశాక కొత్తవాళ్లు తడబడతారు. వరాహ ముఖం, మనిషి ఒళ్లు, సింహం తోక అని విని వస్తారు. కనబడేది మాత్రం శివలింగంలాంటి గంధపు ముద్ద. గంధం తీసిన నిజరూపం ఏడాదికి ఒక్కరోజే, వైశాఖ శుద్ధ తదియ నాటి చందనోత్సవంలో. ఆ రాత్రే సహస్ర ఘటాభిషేకం చేసి తొలివిడత చందనం పూసేస్తారు. ఆ తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు ఒక్కో విడత. విడతకు 3 మణుగులు, అంటే దాదాపు 125 కిలోలు. నాలుగు విడతలకు కలిపి అర టన్ను. దీనికోసం గంధపు చెక్కను రోజుల తరబడి సానరాళ్ల మీద అరగదీస్తారు. అందుకే ఆషాఢం దాటాక వెళ్తే స్వామి నిండుగా కనిపిస్తాడు. నిజరూపమే చూడాలనుకునేవాళ్లు చందనోత్సవానికి గంటల తరబడి నిలబడడానికి సిద్ధపడి రావాలి. చంటిపిల్లలతో ఆ రోజు వద్దనే అంటాను.

దర్శనమయ్యాక గంగధారకు మెట్లు దిగాలి. కొండనీరు చల్లగా ఉంటుంది, రాళ్లు మాత్రం పాకుడు పట్టి జారతాయి. ఆషాఢ శుద్ధ చతుర్దశికి గిరిప్రదక్షిణ. తొలిపావంచా నుంచి హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార మీదుగా 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు. నడకలో దెబ్బతీసేది దూరం కాదు, అప్పుఘర్‌లో సముద్రస్నానం చేసి తడిబట్టలతోనే మిగతా దారి నడవడం. ఉప్పునీటి బట్ట తొడలు ఒరిపించేస్తుంది, మెత్తబడిన అరికాళ్లు తొందరగా బొబ్బలెక్కుతాయి. సంచిలో ఒక పొడి జత ఉంటే సగం గండం గడిచినట్టే.

మధ్యాహ్నం కొండ మీద అన్నప్రసాదం తిని ఊళ్లోకి దిగి, ఎండ తగ్గాక పాతపట్నం వైపు వెళ్లాం. ఓడరేవు ముఖాన పక్కపక్కనే మూడు కొండలున్నాయి. ఒకదానిమీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదానిమీద మేరీమాత చర్చి ఉన్న రాస్‌హిల్, మరొకదానిమీద ఇసాక్ మదీనా దర్గా. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, నడుమ ఓడలు లోపలికి వచ్చే కాలవ. 1933లో తెరిచిన ఈ రేవు ఎలా అమరిందో మ్యాపు చూసేకంటే ఇక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

చీకటి పడ్డాక బురుజుపేట. కనకమహాలక్ష్మికి పైకప్పు లేదు, ఎండావానా అమ్మ మీదే. నడుము పైభాగమే ఉన్న విగ్రహం, ఎడమచెయ్యి లేదు. అప్పన్నను గంధం వెనకనుంచి చూసి వచ్చిన కళ్లకు ఇది ఒక్కసారిగా చాలా దగ్గర. పాలు, పసుపు, కుంకుమ అర్చకుడి చేతికివ్వక్కర్లేదు, మన చేత్తోనే అమ్మకు పెట్టుకోవచ్చు. పురిటిబిడ్డలను తెచ్చి అమ్మ ముందు పడుకోబెడతారు. పాలూ పసుపునీళ్లూ కలిసి నేల జారుతుంటుంది, పెద్దవాళ్ల చెయ్యి వదలకండి. మార్గశిర గురువారాలైతే అర్ధరాత్రి నుంచే వరస కడతారు. మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక నింపాదిగా కూర్చోవచ్చు. స్టేషన్ ఇక్కడికి దగ్గరే. రాత్రి బండి ఉన్నవాళ్లు తెల్లబట్టలతో మాత్రం రాకండి, పసుపు మరక ఇంటికెళ్లాక కూడా వదలదు.