8 గజాల ఉన్నికి 60 పౌండ్లు

ఎడిన్‌బరోలో రాయల్ మైల్ వీధిలో మూడో షాపు నుంచి బయటికి వచ్చేసరికి కోపంతో నా చెవులు వేడెక్కాయి. పైన సన్నటి వాన. పక్కన ఎవరో బ్యాగ్‌పైప్ వాయిస్తున్నారు. పొద్దున గ్లాస్గోలో బస్సెక్కేటప్పుడు ఖర్చుకని పక్కన పెట్టుకున్నది 60 పౌండ్లు. అందులో రానూపోనూ బస్సుకే దాదాపు 15 పోయాయి. మిగిలిన 45లో ఒక కిల్ట్, అంటే ఇక్కడి మగవాళ్ళు నడుముకి కట్టుకునే కుచ్చిళ్ళ గళ్ళ బట్ట, కొనాలి. రూపాయల్లో అది సుమారు ఐదు వేలు. ఇక్కడికొచ్చి ఏడాది దాటినా ఆ లెక్క వేయడం మానలేకపోతున్నాను.

కిల్ట్ ఎందుకంటే, నాతో పాటు కిచెన్‌లో పనిచేసే స్టిర్లింగ్ ఊరి కుర్రాడి పెళ్ళి. మొన్న దసరాకి వాణ్ణి మా రూమ్‌కి భోజనానికి పిలిచాం. నా పంచె అడిగి కట్టుకున్నాడు. కుచ్చిళ్ళు ఎలా పెట్టాలో రెండుసార్లు విప్పించి మరీ నేర్చుకున్నాడు. రాత్రి చలిలో బస్ స్టాప్ దాకా దాంతోనే నడిచి వెళ్ళాడు. అలాంటివాడి పెళ్ళికి నేను సూట్ వేసుకుని ఒక మూల నిలబడటం నాకు నచ్చలేదు. "సూటైనా పర్లేదు, టెన్షన్ పడకు" అన్నాడు వాడు. అద్దె షాపులో అడిగితే జాకెట్, నడుముకి వేలాడే స్పోరన్ సంచి, మేజోళ్ళు, బూట్లు అన్నీ కలిపి 90 పౌండ్లన్నారు. చదువు నడుస్తున్నన్నాళ్ళూ నాకు వారానికి 20 గంటలే పని. తిరిగి ఇచ్చేసే బట్టకి అంత పెట్టలేను. కొలతలిచ్చి చేత్తో కుట్టించుకుంటే నాలుగైదు వందల పౌండ్ల పైమాట, ఇక ఆ ఊసే లేదు.

గ్లాస్గోలో వెతకలేదా అంటే, వెతికాను. రెండు శని ఆదివారాలు బారస్ మార్కెట్ తిరిగాను, జనం దానమిచ్చిన పాత బట్టలమ్మే చారిటీ షాపులు తిరిగాను. దొరికినవన్నీ ఆడవాళ్ళ గళ్ళ స్కర్టులు. దూరం నుంచి చూస్తే కిల్ట్ లాగే ఉంటాయి. మగవాళ్ళ కిల్ట్‌లో పై పొర అంచు కుడివైపుకి వస్తుంది, ఆ స్కర్టుల్లో చాలావాటికి ఎడమవైపుకి వస్తుంది. బట్ట కూడా పల్చన. అవన్నీ చూసి చూసి, ఎడిన్‌బరోలో అయితే వీధంతా కిల్ట్ షాపులే కదా, అక్కడ చవగ్గా ఉండవా అనుకుని బుకానన్ బస్ స్టేషన్‌లో 900 నంబరు బస్సు ఎక్కాను. క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి రైలయితే 50 నిమిషాల్లో వెళ్ళొచ్చు కానీ టికెట్ బస్సు కంటే ఎక్కువ. స్కాట్లాండ్‌లో 2022 నుంచి 22 ఏళ్ళ లోపు వాళ్ళకి బస్సు ఉచితం. మన దగ్గర ఆడవాళ్ళకి ఉచితం. 25 ఏళ్ళ మగ స్టూడెంటుకి మాత్రం రెండు చోట్లా టికెట్టే. నా ముందు సీట్లో స్కూలు పిల్లలు కార్డు పెట్టి హాయిగా ఎక్కేస్తుంటే కొంచెం కష్టంగానే అనిపించింది.

రాయల్ మైల్‌లో చవక కిల్టులు ఉన్న మాట నిజమే. గుమ్మాల్లోనే వేలాడదీసి ఉంటాయి, 30 పౌండ్లు, 35 పౌండ్లు. మొదటి రెండు షాపుల్లో అంత చవకెందుకో అడిగితే, సింథటిక్ అని వాళ్ళే చెప్పారు. అబద్ధం చెప్పలేదు, సంతోషం. కోపం తెప్పించింది మూడో షాపు. "ఇది అసలు ఉన్నేనా?" అంటే ఆ షాపతను "అవును, ప్యూర్ స్కాటిష్ ఊల్" అన్నాడు. చేత్తో పట్టుకున్నాను. నడుము పట్టీ లోపలికి మడిచిపెట్టిన లేబుల్ బయటికి లాగితే నూటికి నూరు శాతం యాక్రిలిక్ అని ఉంది. పైగా తోలు పట్టీల బదులు అతుక్కునే వెల్‌క్రో. కుచ్చిళ్ళు కుట్టలేదు, ఇస్త్రీతో నొక్కి వదిలేశారు. లేబుల్ చూపించాను. భుజాలెగరేసి, "చాలామందికి తేడా తెలీదు" అన్నాడు.

ఆ మాట నేను చిన్నప్పుడు విన్నాను. మాది చీరాల పక్కన జాండ్రపేట. మా తాతయ్యది గుంట మగ్గం, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి నేసేది. ఒకప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళలో నేసిన గళ్ళ రుమాళ్ళు 'మద్రాస్ రుమాళ్ళు' అనే పేరుతో ఓడల్లో ఆఫ్రికా దాకా వెళ్ళేవి. నేను పుట్టేనాటికి అదంతా అయిపోయింది, తాతయ్య చీరలు నేసేవాడు. ఆయన పది రోజులు కూర్చుని నేసిన డిజైనే మరమగ్గం మీద నేసి, చేనేత అని బోర్డు పెట్టి మూడో వంతు ధరకి అమ్మేవాళ్ళు. అడిగితే జవాబు అదే, "కొనేవాళ్ళకి తేడా తెలీదులే". చేనేతకని కొన్ని రకాలు ప్రత్యేకంగా కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. మా వీధిలో మగ్గాలు మాత్రం ఒక్కొక్కటిగా ఆగిపోతూనే వచ్చాయి. మా ఇంట్లో గుంట పూడ్చి సిమెంటు చేసి ఇప్పుడక్కడ ఫ్రిజ్ పెట్టారు. డబ్బు లేనివాడు సింథటిక్ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, నేనూ కొనేవాణ్ణేమో. దాన్ని ఉన్ని అని చెప్పి అమ్మడం దగ్గరే నాకు మండుతుంది.

వాన పెరిగింది. ఛాంబర్స్ స్ట్రీట్‌లో నేషనల్ మ్యూజియంకి టికెట్ లేదు కాబట్టి అందులో దూరి ఒక గంట గడిపాను. గద్దె దిగిన స్టూవర్ట్ రాజవంశాన్ని మళ్ళీ ఎక్కించాలని జరిగిన జాకబైట్ తిరుగుబాటును అణిచేశాక 1746లో, ఉత్తరాన కొండప్రాంతమైన హైలాండ్ మగవాళ్ళ వేషం మీద నిషేధం పెట్టారని, అది 1782 దాకా ఎత్తెయ్యలేదని నాకు ఇంతకుముందే తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళూ పట్టించుకోనిది ఇంకొకటుంది. మొదట్లో కిల్ట్ అంటే కుచ్చిళ్ళు కుట్టని ఒకే పొడవాటి బట్ట. నడుం దగ్గర కుచ్చిళ్ళు పోసి బెల్టుతో బిగించి, మిగతాది భుజం మీదికి వేసుకునేవాళ్ళు. కుచ్చిళ్ళు కుట్టేసిన చిన్న కిల్ట్ తర్వాత వచ్చింది. మా వాడికి పంచె అంత త్వరగా ఎందుకు పట్టుబడిందో అప్పుడు అర్థమైంది.

తెచ్చుకున్న పులిహోర తిని, స్టాక్‌బ్రిడ్జికి నడక మొదలుపెట్టాను. అక్కడ రేబర్న్ ప్లేస్‌లో వరసగా చారిటీ షాపులున్నాయని, డబ్బున్న పేట కాబట్టి మంచి బట్టలు పడతాయని మా క్లాసమ్మాయి చెప్పింది. ప్రిన్సెస్ స్ట్రీట్ దాటి ఫ్రెడరిక్ స్ట్రీట్ ఎక్కి దిగితే అంతా పల్లమే. బస్సు డబ్బు మిగిలింది, బూట్లు మాత్రం తడిసి ముద్దయ్యాయి.

మొదటి రెండు షాపుల్లో ఏమీ లేవు. మూడో దాంట్లో కోట్ల మధ్య, హ్యాంగర్‌కి అడ్డంగా మడిచి వేసి ఉంది. ముదురు ఆకుపచ్చ, నీలం గళ్ళు, మధ్యలో సన్నటి పసుపు గీత. చెయ్యి పెట్టగానే బరువు తెలిసింది. తడిసిన కంబళి అంత బరువు. ముందు కింది అంచు చూశాను, అది తాతయ్య అలవాటు. మడిచి కుట్టిన కుట్టు లేదు. మగ్గం మీద నేసినప్పుడు వచ్చిన అసలు అంచే కింద ఉంది. రాయల్ మైల్‌లో నేను చూసిన వాటన్నిటికీ కింద మిషన్ కుట్టే.

ధర చీటీ మీద 40 పౌండ్లు.

కౌంటర్ దగ్గరున్న పెద్దావిడకి డెబ్భై దాటి ఉంటాయి. ఆ షాపులో జీతం లేకుండా వారానికి రెండు రోజులు పనిచేస్తుందట. నేను కిల్ట్‌ని లోపలా బయటా తిప్పి చూడటం గమనించి దగ్గరికొచ్చింది. "నీ నడుం ఎంత, సన్?" అంది. జీన్స్ సైజు 32 అని చెప్పాను. "అది జీన్స్ కొలత, నీ కొలత కాదు" అని, డ్రాయర్‌లోంచి టేపు తీసింది. కిల్ట్ బొడ్డు దగ్గర కట్టాలి, తుంటి మీద కాదు. అక్కడ కొలిస్తే 35 అంగుళాలు వచ్చింది. తర్వాత పిరుదుల దగ్గర, వెడల్పుగా ఉన్నచోట. తర్వాత నన్ను నిటారుగా నిలబెట్టి బొడ్డు నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా. "ఈ మూడు కొలతలూ లేకుండా ఎవరైనా కిల్ట్ అమ్మితే కొనకు" అంది. పొద్దుట్నుంచి మూడు షాపులు తిరిగితే ఒక్కరూ టేపు తియ్యలేదు.

నడుము ఒక అంగుళం తక్కువైంది. నాకు గుండె జారింది. ఆవిడ పట్టీలు చూపించింది, ఎడమవైపు ఒకటి, కుడివైపు రెండు. పట్టీ చివరి రంధ్రంలో పెడితే సరిపోయింది, ఊపిరి కూడా ఆడింది. "ఇంకా కావాలంటే బకిల్స్ విప్పి కొంచెం జరిపి కుట్టుకో. దీన్నిలా కుట్టిందే అందుకు, మనిషి లావెక్కినా సన్నబడినా పారేయక్కర్లేదు." నిజమే, పంచెకి కూడా ఇదే సుఖం.

కుచ్చిళ్ళు ఒక్కొక్కటే విప్పి వెలుతురుకి పెట్టి చూశాం. రెండింట్లో పురుగు తిన్న చిన్న చిల్లులు, అవీ లోపలి మడతలో. ఇంకో కుచ్చిలి లోపల నిలువుగా అతుకు కనబడింది. ఎక్కడో చిరిగితే అతికారనుకుని నిరాశపడ్డాను. కాదంది. మగ్గం మీద బట్ట రెట్టింపు పన్నాతో వస్తుంది, దాన్ని పొడుగునా రెండుగా చింపి, నాలుగు గజాలు నాలుగు గజాలు కలిపి ఎనిమిది చేస్తారు. ఆ అతుకు కుచ్చిలి లోపల దాక్కుంటుంది. మా నాయనమ్మ తొమ్మిది గజాల చీర కట్టేది. ఇంకో గజం వేస్తే ఇదీ అంతే పొడుగు.

ఇది గోర్డన్ వంశం వాళ్ళ గళ్ళు అయ్యుండొచ్చు అంది, పసుపు గీత చూసి. నాకు అప్పటిదాకా లోపల ఒక బెరుకు ఉంది, అడిగేశాను. ఆ వంశం కాని వాణ్ణి, ఈ దేశం కాని వాణ్ణి, కట్టుకోవచ్చా అని. "మంచిగా కట్టుకుని నిటారుగా నిలబడు, అంతకంటే ఎవరేం అడుగుతారు?" అంది. తర్వాత కళ్ళజోడు సర్దుకుని ధర చీటీ మీద 40 కొట్టేసి 32 రాసింది. చిల్లులున్నాయి కాబట్టి అంది. నేను బేరమాడలేదు. ఇక్కడ ఎలాగూ ఆడరు, ఆడినా ఆ షాపులో నాకు నోరు రాదు.

బిల్లు అయ్యాక కూడా ఆవిడ వదల్లేదు. కిల్ట్ ముందు అంచుకి పిన్ను పెట్టేటప్పుడు పై పొరకి మాత్రమే పెట్టాలి, రెండు పొరలకీ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు బట్ట చిరుగుతుంది. కూర్చునేటప్పుడు వెనక కుచ్చిళ్ళని చేత్తో కిందికి సవరించుకోవాలి. ఇస్త్రీ చేసేముందు కుచ్చిళ్ళని పెద్ద పెద్ద టాకాలతో పట్టి, పైన తడిబట్ట వెయ్యాలి. ఇవన్నీ నాతో మళ్ళీ చెప్పించుకుని గానీ సంచి చేతికివ్వలేదు.

మిగిలిన 13 పౌండ్లలో మందపాటి ఉన్ని మేజోళ్ళు కొన్నాను. స్పోరన్ పెళ్ళికొడుకు అన్నయ్య ఇస్తానన్నాడు. జాకెట్‌కి నా నల్ల కోటే. నాలుగు కూడా కాకముందే చీకటి పడిపోయింది. బస్సు గురించి చెప్పడానికేమీ లేదు, సంచి ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాను.

ఆదివారం పొద్దున తాతయ్యకి వీడియో కాల్ చేశాను. కిల్ట్ కట్టుకుని నిలబడితే ఆయన నా వంక చూడనేలేదు. "ఏదీ, అంచు చూపించు" అన్నాడు. చూపించాను. "పడుగులో పచ్చ దారాలెన్ని?" గుండుసూదితో నిలువు పోగులు ఒక్కొక్కటీ జరుపుతూ లెక్కపెట్టాను, 28. "పేకలో?" అడ్డం పోగుల్లోనూ 28. ఫోన్ బాగా దగ్గరికి పెట్టమన్నాడు. నేతలో ఏటవాలుగా సన్నటి గీతలు కనబడుతున్నాయి. రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా పోయే నేత అది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"దీనికి తొక్కుడు చెక్కలు నాలుగు ఉండాలి నాయనా" అన్నాడు చివరికి. "మన గుంటలో రెండే ఉండేవి."