గిట్ బాష్ నుంచి పవర్‌షెల్‌ను పిలిచేటప్పుడు

ఫైళ్లను వెతకడానికి, వడకట్టడానికి, పేర్లు మార్చడానికి విండోస్‌లో కూడా నాకు గిట్ బాష్ (యూనిక్స్ తరహా కమాండ్లను విండోస్‌లో నడిపే షెల్) చాలు. కానీ రిజిస్ట్రీని (విండోస్ సెట్టింగుల నిల్వను) చదవాలన్నా, ఒక విండోస్ సర్వీసును ఆపి మళ్లీ మొదలుపెట్టాలన్నా విండోస్ సొంత కమాండ్ షెల్ అయిన పవర్‌షెల్‌నో, వీబీస్క్రిప్ట్ భాషలోని స్క్రిప్టులను నడిపే పాత సీస్క్రిప్ట్‌నో పిలవక తప్పదు. పిలవడం సులభమే, మనం పంపినది అవతలికి ఏ రూపంలో చేరుతుందన్న దగ్గరే చిక్కంతా ఉంది.

యూనిక్స్‌లో ఒక ప్రోగ్రామ్‌ను నడిపితే ఆర్గ్యుమెంట్లు (దానికి మనం ఇచ్చే విలువలు) దేనికది విడిగా, వరుసగా అందుతాయి. విండోస్‌లో క్రియేట్‌ప్రాసెస్ అనే ఫంక్షన్ వాటన్నిటినీ ఒకే స్ట్రింగ్‌గా అందిస్తుంది, దాన్ని ఎక్కడ విడగొట్టుకోవాలో ఆ ప్రోగ్రామే నిర్ణయించుకుంటుంది. అందువల్ల బాష్ విడదీసిన ఆర్గ్యుమెంట్లను మధ్యలోని ఎంసిస్2 (గిట్ బాష్‌కు ఆధారమైన సాఫ్ట్‌వేర్) పొర కొటేషన్లు చేర్చి మళ్లీ ఒకటిగా కలుపుతుంది, పవర్‌షెల్ దాన్ని తన నియమాల ప్రకారం మరోసారి విప్పుతుంది. దీనికి తోడు, డబుల్ కొటేషన్లలో రాసిన డాలర్ గుర్తును బాష్ తన వేరియబుల్‌గా భావించి పవర్‌షెల్ దాకా చేరనివ్వదు. సింగిల్ కొటేషన్లు వాడితే ఇది కొంతవరకు తీరుతుంది గానీ, ఒక లైను దాటిన ఏ పనినైనా పీఎస్1 ఫైలులో (పవర్‌షెల్ స్క్రిప్టుగా) రాసి, ‘ఫైల్’ ఆప్షన్‌తో నడపడమే మేలని నా గట్టి అభిప్రాయం. స్క్రిప్టులో ఇచ్చిన ఎగ్జిట్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే సంఖ్య) కూడా అప్పుడు మారకుండా బాష్‌కు చేరుతుంది. ‘కమాండ్’ ఆప్షన్‌తో పిలిచినప్పుడు, చివరగా నడిచిన ప్రోగ్రామ్ 3తో విఫలమైనా బాష్‌కు 1 మాత్రమే కనిపిస్తుంది.

గిట్ బాష్‌కు మరో అలవాటు ఉంది. ఏటవాలు గీతతో మొదలయ్యే ఆర్గ్యుమెంట్‌ను అది యూనిక్స్ పాత్ అనుకొని విండోస్ పాత్‌గా మార్చేస్తుంది. సీఎండీకి (విండోస్ పాత కమాండ్ ప్రాంప్ట్‌కు) ఇచ్చే ‘/సీ’ ఆ విధంగా సీ డ్రైవ్‌గా మారిపోతుంది కనుక అక్కడ రెండు గీతలు పెట్టాలి. సీస్క్రిప్ట్ సొంత ఆప్షన్లకు మొదటినుంచే రెండు గీతలు కావాలి, వాటిలో ఒకదాన్ని గిట్ బాష్ తీసేస్తుంది. ఈ మార్పిడిని ఆపే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటి ఉంది. దాన్ని పెట్టాక నిజమైన పాత్‌లను సిగ్‌పాత్ అనే కమాండ్‌తో మనమే మార్చి పంపాలి. వీబీస్క్రిప్ట్‌ను క్రమంగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది కనుక, ఆ స్క్రిప్టులను ఇప్పుడే పవర్‌షెల్‌లోకి మార్చుకోవడం మంచిది.

తెలుగు ఫైల్ పేర్లతో పని చేసేవాళ్లు అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవలసినది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను సంఖ్యలుగా భద్రపరిచే పద్ధతి. తెలుగుకు విండోస్‌లో ఆన్సీ కోడ్ పేజీ (యూనికోడ్‌కు ముందటి అక్షరాల పట్టిక) లేదు, యూనికోడ్ ఒక్కటే ఆధారం. భారతీయ లిపుల పాత ప్రమాణమైన ఇస్కీలోని తెలుగుకు 57005 అనే సంఖ్య ఉన్నా దాన్ని సిస్టమ్ కోడ్ పేజీగా పెట్టుకోలేం. తెలుగు అక్షరాలు లేని 437 కోడ్ పేజీలో ఉన్న కన్సోల్ గుండా తెలుగు పేర్లు బాష్‌కు వస్తే అవి ప్రశ్నార్థకాలవుతాయి, అలా పోయిన అక్షరాలను తర్వాత ఏ ఉపాయంతోనూ తిరిగి రాబట్టలేం. అందుకే స్క్రిప్టు మొదటి లైనులోనే కన్సోల్ అవుట్‌పుట్ ఎన్‌కోడింగ్‌ను యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8కి మార్చాలి. స్క్రిప్టు లోపలే తెలుగు ఉంటే ఇంకో మెట్టు ఉంది: విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1, బీఓఎం గుర్తు (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్‌ను తెలిపే బైట్లు) లేని ఫైలును ఆన్సీగా చదువుతుంది. బాష్ పక్కన వాడే ఎడిటర్లు సాధారణంగా ఆ గుర్తు లేకుండానే భద్రపరుస్తాయి. కాబట్టి ఆ గుర్తుతో భద్రపరచాలి, లేదా బీఓఎం లేకపోయినా యూటీఎఫ్-8గానే చదివే పవర్‌షెల్ 7కు మారాలి.

పవర్‌షెల్ నుంచి తిరిగి వచ్చే ప్రతి లైను చివర క్యారేజ్ రిటర్న్ అనే అదనపు అక్షరం ఉంటుంది. కంటికి కనబడదు గానీ, రెండు స్ట్రింగులను పోల్చినప్పుడు ఫలితం తప్పుతుంది. ‘టీఆర్’ కమాండ్‌తో తీసేస్తే సరిపోతుంది. ఒక జాబితాను లైను వెంట లైను చదివే లూప్‌లో పవర్‌షెల్‌ను పిలిస్తే, అది మిగిలిన జాబితాను తన ఇన్‌పుట్‌గా తీసుకొని లూప్‌ను మొదటి లైనుతోనే ముగించేయగలదు. దాని ఇన్‌పుట్‌ను డెవ్ నల్‌కు (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైలుకు) కలిపితే జాబితా మొత్తం చివరిదాకా నడుస్తుంది.