సువాన్ కోట ముందు ఒక కత్తి విమర్శకుడు

సియోల్ గురించి నేను రాయదగ్గది పెద్దగా లేదు. రాజప్రాసాదాలు చూశాను, అద్దె హాన్‌బోక్‌లలో (కొరియా సంప్రదాయ దుస్తుల్లో) ఫొటోలు దిగుతున్న జనాన్ని తప్పించుకుంటూ నడిచాను, ఒక శనివారం సాయంత్రం మల్టీప్లెక్సులో 15,000 వాన్‌లు, అంటే మన లెక్కలో 900 రూపాయలకు పైగా, సమర్పించుకుని జోసన్ రాజవంశ కాలపు కత్తియుద్ధాల సినిమా ఒకటి చూశాను. టికెట్టు ధర కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ హాలులోని నిశ్శబ్దం. కథానాయకుడు ఒంటిచేత్తో డజను మందిని నేలకూల్చినా ఈల లేదు, చప్పట్లు లేవు. చివరకు అతడే కూలిపోయినప్పుడు కూడా ఎవరూ నిట్టూర్చినట్టు వినబడలేదు. అయితే దీపాలు వెలిగి అందరూ లిఫ్టుల దగ్గర గుమిగూడాక, అంతవరకు బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చినట్టు మాటలు మొదలయ్యాయి. అది మెచ్చుకోలు కాదనీ, ఏదో లెక్క తేలక జరుగుతున్న వాదులాట అనీ, భాష రాని నాకు కూడా అర్థమైంది. దేని మీద వాదులాట అన్నది మాత్రం సియోల్‌కు దక్షిణాన ఉన్న సువాన్ నగరానికి వెళ్లేదాకా తెలియలేదు.

సువాన్‌కు దారి కొత్తగా చెప్పనక్కరలేదు. సబ్‌వే ఒకటో లైను బండిలో కూర్చోవడం, గూరో దగ్గర ఇంచియాన్ వైపు చీలిపోయే బండి కాదని చూసుకోవడం, స్టేషను ముందు సిటీ బస్సు పట్టుకోవడం, అంతే. నేను వెళ్లింది హ్వాసాంగ్ కోటగోడ కోసం కాదు. ఆ కోట లోపలి విడిది ప్రాసాదం ముందు సోమవారం తప్ప రోజూ ఉదయం పదకొండు గంటలకు జరిగే ఇరవై నాలుగు యుద్ధవిద్యల ప్రదర్శన చూడాలని వెళ్లాను. దానికి టికెట్టు లేదన్నది కూడా నా ఉత్సాహానికి ఒక కారణమని దాచడమెందుకు.

ఈ కోటకూ కత్తి సినిమాలకూ ఉన్న చుట్టరికం చాలా దగ్గరిది. దీన్ని 1794 నుంచి 1796 దాకా కట్టించిన జంగ్‌జో రాజు తండ్రి సాదో యువరాజును, 1762లో, సాదోను కన్న తండ్రి అయిన యంగ్‌జో రాజే బియ్యపు పెట్టెలో బంధించి చనిపోనిచ్చాడు. జంగ్‌జో సింహాసనమెక్కిన మరుసటి ఏడాది, 1777లో, హంతకులు అతడి నివాసపు పైకప్పు దాకా వచ్చారు. కొరియా చిత్రసీమ ఈ రెండు ఘటనలనూ వదిలిపెట్టలేదు. 2014లో ఒకదాని మీద, 2015లో మరొకదాని మీద పెద్ద తారాగణంతో సినిమాలు వచ్చాయి. కత్తి నీడలో పెరిగిన ఆ రాజు తన సైన్యం కోసం 1790లో ఒక సచిత్ర యుద్ధవిద్యా గ్రంథాన్ని రాయించాడు. నేను చూడబోయిన ప్రదర్శనకు మూలమైనది అదే. ఇద్దరు పండితులు, ఒక యోధుడు కలిసి కూర్చిన ‘ముయే దోబో తోంగ్జి’ అనే ఆ పుస్తకంలో స్వదేశీ కత్తివిద్యతోపాటు చైనా పద్ధతులూ, అంతకు రెండు శతాబ్దాల క్రితం 1592లో దండెత్తి వచ్చి దేశాన్ని తగలబెట్టిన జపాను వారి కత్తిపద్ధతీ బొమ్మలతో సహా ఉన్నాయి. శత్రువు కత్తిని నేర్చుకోదగిన విద్యగా పుస్తకంలోకి ఎక్కించిన ఈ నిజాయితీ నేను చూసిన ఏ సినిమాలోనూ కనబడలేదు.

ప్రదర్శన గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అందులో నాకు మిగిలింది ఒక్క క్షణం. జంటకత్తులు, బల్లేలు, త్రిశూలం వంటి ఆయుధం, పొడవాటి కర్రకు బిగించిన వంపుకత్తి అన్నీ అయ్యాక, నిలువుగా నిలబెట్టిన గడ్డికట్టలను నరికే ఘట్టం వచ్చింది. ఒక యువకుడి కత్తి కట్టలో మూడు వంతులు దిగి ఇరుక్కుపోయింది. అతడు ముఖంలో ఏ మార్పూ లేకుండా దాన్ని లాగి, రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ నరికాడు. కట్ట పైభాగం నేల మీద పడింది. అంతవరకు మర్యాదగా చప్పట్లు కొట్టిన జనం ఈసారి గట్టిగా అరిచారు, ముందు వరుసలో కూర్చున్న పిల్లల బడి పిల్లలైతే లేచి నిలబడ్డారు. నా పక్కన కొండలెక్కే చేతికర్రలు రెండు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన నా వైపు తిరిగి, తన ఫోనులో కొరియన్‌లో ఏదో చెప్పి, తెలుగులో తేలిన అక్షరాలను నా ముఖానికి దగ్గరగా పెట్టారు. “సినిమాలో అయితే ఈపాటికి ఇరవై మంది పడిపోయేవారు” అని అందులో ఉంది.

ఆ తరువాత ఒక గంటకు పైగా ఆయన నన్ను వదల్లేదు, నేనూ వదిలించుకోవాలనుకోలేదు. పక్కనే ఉన్న అన్సాన్ నుంచి వచ్చారట. బస్సు నడిపి విరమించారట. వారాంతంలో కొండ, మిగతా రోజుల్లో చరిత్ర సినిమా, ఇదీ ఆయన జీవితం. ఆయన ఫిర్యాదుల చిట్టా పొడవైనది. సినిమాల్లో వీరుడు జుట్టు విరబోసుకుని పోరాడతాడు. జోసన్ కాలపు మగవాడు సిగ ముడి విప్పాడంటే తల్లిదండ్రులు పోయి ఉండాలి, లేదా నేరస్థుడై రాజు ముందు మోకరిల్లి ఉండాలి. నటుడి ముఖం కనబడాలి కాబట్టి యుద్ధంలో శిరస్త్రాణం ఉండదు. ఇనుప కవచం బాణం తగలగానే కాగితంలా చిరిగిపోతుంది. అన్నిటికంటే ఆయనకు భరించరానిది, పాత టీవీ ధారావాహికల్లో సైనికులు ఒరతో సహా కత్తిని చేత పట్టుకుని రోజంతా తిరగడం. “విల్లు ఏ చేత్తో పట్టుకుంటారు? గుర్రం కళ్లెం ఏ చేత్తో పట్టుకుంటారు?” అని నన్ను నిలదీశారు, ఆ ధారావాహికలు తీసింది నేనే అన్నట్టు.

సమాధానం కూడా ఆయనే చూపించారు. ఒక చేతికర్రను వీపు సంచీ పట్టీకి తగిలించి, పిడి వెనక్కి, మొన ముందుకు ఉండేలా తుంటి పక్కన వేలాడదీశారు. బాణం ఎక్కుపెట్టేటప్పుడు పిడి అడ్డురాకుండా అసలు కత్తిని నడుము పట్టీ నుంచి ఇలాగే వేలాడదీసేవారనీ, దూయవలసి వచ్చినప్పుడు తిరిగే లోహపు కొక్కెం సాయంతో ఒరను ముందుకు తిప్పేవారనీ చెబుతూ, చెప్పినట్టే గిర్రున తిప్పి దూశారు. వెనక నిలబడ్డ ఒకావిడ తృటిలో తప్పించుకుంది. పిల్లల బడి పిల్లలు ఆ ఉదయపు ప్రదర్శనలో ఇదీ ఒక భాగమే అనుకున్నారో ఏమో, ఇటు తిరిగి చప్పట్లు కొట్టారు.

మా నాన్నగారు కాంతారావు అభిమాని. టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్టు మీద విఠలాచార్య జానపదాలు చూసి పెరిగిన మనిషి. అవే సినిమాలను నేను ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో ఆయన పక్కన కూర్చుని చూశాను. ఆ రాజ్యం ఎక్కడిది, ఆ కిరీటం ఏ శతాబ్దిది అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు; రాజ్యమే రచయిత కలంలోంచి పుట్టింది కాబట్టి అడగవలసిన అవసరమూ రాలేదు. కాంతారావు కత్తి ఎంత వేగంగా తిరుగుతుందన్నదొక్కటే మాకు లెక్క. అన్సాన్ పెద్దాయనకు అలాంటి వెసులుబాటు లేదు. తెర మీద కనిపించే రాజుకు సమాధి ఉంది, రోజువారీ రాతపుస్తకం ఉంది, బతికున్న వారసులున్నారు. వారసులన్నది మాటవరసకు అనడం లేదు. 1597లో జపాను వారితో జరిగిన మ్యాంగ్న్యాంగ్ నౌకాయుద్ధం మీద 2014లో వచ్చిన సినిమాలో బే సొల్ అనే అధికారిని కుట్రదారుగా చూపించారని, ఆయన వంశస్థులు పరువునష్టం కింద పోలీసులకు ఫిర్యాదు చేశారు. నాలుగు వందల ఏళ్ల నాటి తాత తరపున!

ఆ సినిమా ప్రస్తావన నేనే తెచ్చాను. 1.76 కోట్ల టికెట్లు తెగిన చిత్రం అది. దాదాపు 5 కోట్ల జనాభా ఉన్న దేశంలో అంతకు మించి ఏ సినిమాకూ టికెట్లు తెగలేదు. పెద్దాయన తప్పులు గుక్కతిప్పుకోకుండా చెప్పారు. నౌకాధిపతి యీ సున్-షిన్ తన దినచర్యలో రాసుకున్నది ఫిరంగులు, బాణాల పోరాటమైతే, సినిమా ఆయన ఓడ మీదికి శత్రువులను ఎక్కించి గంటసేపు కత్తులు తిప్పించిందన్నారు. ఎన్నిసార్లు చూశారని అడిగితే మూడు వేళ్లు చూపించారు.

ఇన్ని తప్పులున్న సినిమాను అన్నిసార్లు ఎందుకు చూశారన్న నా ప్రశ్నను ఫోను ఆయనకు వినిపించాక, జవాబు రావడానికి కొంత సమయం పట్టింది. ఆ చిత్రం విడుదలైంది జూలై చివరలో. అదే ఏడాది ఏప్రిల్ 16న, ఆ యుద్ధం జరిగిన జిందో ద్వీపం దగ్గరి సముద్రంలోనే, సెవోల్ అనే ప్రయాణికుల నౌక మునిగి 304 మంది చనిపోయారు. వారిలో 250 మంది అన్సాన్‌లోని ఒకే ఉన్నత పాఠశాల విద్యార్థులు. నౌక కెప్టెను ముందే బయటపడ్డాడు. “మా ఊరి పిల్లలు” అని మాత్రమే అన్నారాయన. తరువాత సినిమాలోని ఒక దృశ్యాన్ని వర్ణించారు. మిగతా ఓడలు వెనకాడుతుండగా ఒంటరిగా నిలిచిన నౌకాధిపతి ఓడ సుడిగుండంలో చిక్కుకుంటే, ఒడ్డున ఉన్న మామూలు జనం చిన్న పడవల్లో వెళ్లి తాళ్లతో దాన్ని బయటికి లాగుతారు. చరిత్రలో అలా జరిగిందా అని నేను అడగలేదు. జరగలేదని ఆయనే చెప్పి, మూడుసార్లూ అక్కడే ఏడ్చానన్నారు.

ఆయన తన బస్సుకు, నేను నా బస్సుకు వెళ్లాం. కోటగోడ మీద నడవాలన్న ఆలోచన ఎటుపోయిందో తెలియదు. మరునాడు అదే ఒకటో లైనులో ఇంకా దక్షిణానికి, ఓన్యాంగ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి అసాన్‌లోని హ్యన్‌చుంగ్సా స్మారకానికి చేరుకున్నాను. బస్సు కోసం నిలబడ్డ సమయం రైలు ప్రయాణమంత అనిపించింది. ప్రవేశం ఉచితం గనుక క్షమించేశాను. యీ సున్-షిన్ కోసం 1594లో తయారైన జంటకత్తులు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. 2023లో వాటిని జాతీయ నిధిగా ప్రకటించారు. ఒక్కొక్కటీ దాదాపు 2 మీటర్ల పొడవు, నాలుగు కిలోలకు పైగా బరువు. యుద్ధంలో తిప్పడానికి కాదు, సంకల్పం గుర్తుండేలా దగ్గర ఉంచుకోవడానికి చేయించినవి. ఒకదాని మీద ఆయన చెక్కించుకున్న పద్యపాదం, మూడడుగుల కత్తితో ఆకాశం సాక్షిగా ప్రమాణం చేస్తే కొండలూ నదులూ రంగు మారతాయని చెబుతుంది. ఆరడుగులు దాటిన కత్తి మీద మూడడుగులని రాసి ఉండటం పాత కవుల ఆనవాయితీయే అనుకోండి. కానీ ఇదే ఏ సినిమాలోనైనా కనిపించి ఉంటే అన్సాన్ పెద్దాయన దర్శకుణ్ణి వదిలిపెట్టేవారు కాదు.